పల్లిపాడు బాకీ

ఇందుకూరుపేట మండలంలో పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. తలపెట్టింది దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య. అండగా నిలిచిన వారిలో పొణకా కనకమ్మ ముఖ్యురాలు. భవనానికి కావలసిన 10,000 రూపాయలు మాత్రం నెల్లూరు జిల్లాలో పుట్టలేదు. దక్షిణాఫ్రికాలో, డర్బన్ రేవులో వ్యాపారం చేసుకునే పార్సీ రుస్తుంజీ ఇచ్చిన డబ్బు అది.

రుస్తుంజీ ఎవరో మన బడిపిల్లలకు ఎవరూ చెప్పరు. 1897 జనవరిలో డర్బన్ వీధిలో తెల్లవాళ్ళ గుంపు గాంధీ మీద పడి కొట్టినప్పుడు ఆయనను తన ఇంట్లో దాచుకున్న మనిషి. గుంపు వాకిట్లోకి వచ్చి గాంధీని అప్పగించమని కేకలు పెట్టినా అప్పగించలేదు. 1913లో కస్తూరిబాతో కలిసి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి కఠిన శిక్ష అనుభవించిన తొలి జట్టులో ఆయన ఉన్నారు. 1924లో కన్నుమూశారు. పల్లిపాడుకు డబ్బిచ్చింది గాంధీ మీది స్నేహంతోనే, నిజం. అయినా డర్బన్‌లో ఆనాటి భారతీయ దుకాణాలకు వచ్చే బేరం ఎవరిది? చెరకు తోటల్లో, బొగ్గు గనుల్లో, రైలు దారుల మీద పనిచేసే మన కూలీలది కూడా. వాళ్ళలో తెలుగువాళ్ళు వేలమంది. ఆ పదివేలలో మనవాళ్ళ చెమట ఎంతో కొంత ఉండే ఉంటుందని నేను నమ్ముతాను.

ఆ డర్బన్‌లోనే తెలుగు చదువు పాకల్లో మొదలై, విశ్వవిద్యాలయం దాకా ఎక్కి, అక్కడ ఆరిపోయింది. మన ఆశ్రమానికి సాయం పంపిన ఊళ్ళో మన భాష చదువు చచ్చిపోయిందన్న మాట. ఆ సంగతి ఈ తీరంలో ఎవరికీ పట్టినట్టు లేదు. అందుకే చెబుతున్నాను.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా అలా, డర్బన్ ఉన్న నాటాల్‌కు కూలికి వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళే. ఉత్తరాన గంజాం, విశాఖపట్నం మొదలుకొని దక్షిణాన నెల్లూరు, ఉత్తర ఆర్కాటు దాకా తెలుగు జిల్లాలన్నిటి నుంచీ జనం కదిలారు. ఎందుకు కదిలారో మా తీరంలో పెద్దవాళ్ళకు వివరించక్కరలేదు. 1876లో మొదలైన ధాత కరువును తలచుకుంటే చాలు. పొలం ఎండింది, పశువు పోయింది, ఇంట్లో గింజ లేదు. తినడానికి దొరికింది కరువు పనుల్లో పోసిన గంజి. మైపాడు దగ్గరగా సాగే బకింగ్‌హాం కాలవలో పడవలు మద్రాసుకు పోయేవి. మద్రాసులో దళారులు, ఏజెంట్లు కాచుకుని ఉండేవాళ్ళు. అయిదేళ్ళ ఒప్పందానికి వేలిముద్ర వేస్తే ఓడ.

డర్బన్‌లో దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, ఒంటి మీది పుట్టుమచ్చలు పట్టీలో రాసుకున్నారు. ఆ పట్టీలు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మనిషిని పశువులాగా లెక్క రాసుకున్న కాగితాలే ఇవాళ ఆ మనిషి మనవల మనవలకు తమ ఊరి పేరు చెప్పే ఏకైక ఆధారం. మన జిల్లా ఊళ్ళ పేర్లు ఆ పట్టీల్లో ఉన్నాయి, ఇంగ్లీషు గుమస్తా చెవికి వినిపించినట్టుగా రాసి.

చెరకు నరికారు. స్టాంజర్ వైపు కియర్స్‌నీలో హులెట్ దొర తేయాకు తోటల్లో ఆకు కోశారు. న్యూకాసిల్, డండీ గనుల్లో బొగ్గు తవ్వారు. 1895లో ఒప్పందం ముగిసినవాళ్ళ మీద ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. కట్టలేకపోతే మళ్ళీ తోటకు పోవాలి, లేదా ఓడెక్కాలి. 1913లో ఆ పన్ను రద్దు చెయ్యాలని గనుల కూలీలు పని మానేసి గాంధీ వెంట నడిచినప్పుడు ఆ నడకలో తమిళుల పక్కనే తెలుగువాళ్ళూ ఉన్నారు. మరుసటి ఏడు పన్ను పోయింది. సత్యాగ్రహం పుట్టిల్లు సబర్మతి అనుకుంటాం. సత్యాగ్రహమని పేరు పెట్టుకున్న పల్లిపాడు ఆశ్రమానికి అసలు మూలం దక్షిణాఫ్రికాలో ఉంది.

పగలు పని, రాత్రి రామభజన. అక్షరం వచ్చిన ఒకరిద్దరు పెద్దలు గుడి పక్కన పాకలో పిల్లలను కూర్చోబెట్టి అ, ఆలు దిద్దించారు. సర్కారు పైసా ఇవ్వలేదు. పంతులుకు జీతం లేదు. అయినా ఆ పాకబళ్ళే రెండు మూడు తరాలు తెలుగును నిలబెట్టాయి. విశ్వవిద్యాలయాలకు చేతకానిది చాలాసార్లు ఇలాంటి పాకలకు చేతనైంది. ఈ మాట నేను విచారంతోనే రాస్తున్నాను.

1927లో భారత ప్రభుత్వం తరఫున తొలి ఏజెంటుగా వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి వెళ్ళారు. భారతీయ పిల్లలకు పై చదువు లేదని చూసి, చందాలు పోగుచేయించి, డర్బన్‌లో శాస్త్రి కాలేజీ కట్టించారు. 1929 అక్టోబరులో అది ప్రారంభమైంది. అక్కడ పాఠం చెప్పడానికి మన దేశం నుంచి పట్టభద్రులను రప్పించారు. ఒక దేశం చదువుకున్న తన బిడ్డలను మరో ఖండంలోని తన బిడ్డలకు గురువులుగా పంపడం అంటే అదీ! ఈనాడు విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందాలని, భాగస్వామ్యాలని పెద్ద సభలు పెట్టి సంతకాలు చేస్తున్నారు. శాస్త్రిగారు అంత హంగామా లేకుండానే ఆ పని చేసి చూపించారు. ఆయన తర్వాత 1929 నుంచి 1932 దాకా ఏజెంటుగా ఉన్నది రాజమండ్రి బిడ్డ, తర్వాత 1937లో కొద్ది నెలలు మద్రాసు ప్రధానిగా చేసిన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఆయన అక్కడున్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. చెల్లాచెదురుగా ఉన్న తోటల తెలుగువాళ్ళు మొదటిసారి ఒక పేరు కిందికి వచ్చారు. తెలుగు బళ్ళు, పాటల పోటీలు, ఉగాదులు. నాటాల్ తెలుగువాళ్ళకు అవే మంచి రోజులు.

మంచి రోజులు ఎక్కువకాలం నిలవలేదు.

1946లో భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకుంది. జాతి వివక్ష మీద అలా ఆంక్షలు పెట్టిన మొదటి దేశం మనదే. 1948లో అక్కడ నేషనల్ పార్టీ గెలిచింది, వర్ణవివక్ష చట్టమై కూర్చుంది. మన పాస్‌పోర్టుల మీద దక్షిణాఫ్రికాకు చెల్లదని అచ్చువేసి ఇచ్చారు. అది ధర్మమైన పనే. ఇవాళ అడిగినా ధర్మమేనంటాను. కానీ ఆ ధర్మానికి అయిన ఖర్చులో ఒక భాగం డర్బన్‌లోని తెలుగు బడి కట్టింది. ఇక్కడి నుంచి పంతులు వెళ్ళడం, పుస్తకం వెళ్ళడం కష్టమైపోయింది. ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1985లో తెలుగుకే ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ తెలుగు నేర్చుకునే పిల్లకు ఇవేవీ అందుబాటులో లేవు.

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం అంతకంటే లోతుగా దెబ్బతీసింది. ఏ రంగువాళ్ళు ఎక్కడ బతకాలో సర్కారే గీతలు గీసింది. డర్బన్ పట్టణ సభ కూలీలు తరాలుగా ఉన్న మ్యాగజీన్ బ్యారక్స్ ఖాళీ అయింది. అక్కడివాళ్ళనూ, ఇతర పేటలవాళ్ళనూ చాట్స్‌వర్త్ అనే కొత్త బస్తీకి తరలించారు. ఆ పాత పేటల్లో ఒకే వరుసలో నాయనమ్మ, పెదనాన్న, చిన్నాన్న, మేనత్త కాపురాలు ఉండేవి. ఇంట్లో ఒక్కరు ఇంగ్లీషు మాట్లాడినా వీధిలో నలుగురు తెలుగు మాట్లాడేవాళ్ళు. గుడి నడిచివెళ్ళేంత దూరం, గుడి పక్కనే బడి. చాట్స్‌వర్త్‌లో ఇంటికో కుటుంబం. నాయనమ్మ ఒక వీధికి, మనవరాలు ఇంకో వీధికి పోయారు. పక్కింట్లో తమిళులు, హిందీవాళ్ళు, గుజరాతీలు, అందరికీ కలిసే మాట ఇంగ్లీషు ఒక్కటే. భాష ఎప్పుడు పోతుందని అడిగితే, నాయనమ్మ ఇంటికి వెళ్ళడానికి బస్సెక్కాల్సి వచ్చిన రోజు నుంచి అంటాను. 1951 లెక్కల్లో దక్షిణాఫ్రికాలో తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు 30 వేలకు పైగా. 1980 నాటికి ఆ లెక్క కొద్ది వేలకు దిగిపోయింది. మనుషులు చచ్చిపోలేదు. నాయుళ్ళు, రెడ్లు, అప్పలసామిలు అందరూ ఉన్నారు, పిల్లాపాపలతో ఉన్నారు. మాట పోయింది.

సరిగ్గా ఇళ్ళల్లో మాట పోతున్న ఆ కాలంలోనే తెలుగు విశ్వవిద్యాలయం మెట్లెక్కింది. ఈ గాథలో నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం ఇదే.

1959లో తెల్ల ప్రభుత్వం జాతికొక విశ్వవిద్యాలయం అనే చట్టం చేసింది. దాని ప్రకారం 1961లో డర్బన్ రేవులోని సాలిస్‌బరీ ద్వీపంలో, పాత నౌకాదళం బారకాసుల్లో, భారతీయుల కోసమని ఒక యూనివర్సిటీ కాలేజీ తెరిచారు. తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయంలో చేరకుండా భారతీయ విద్యార్థులను వేరుచెయ్యడానికి కట్టిన దొడ్డి అది. విద్యార్థులు దాన్ని అసహ్యించుకున్నారు, అందులో అడుగుపెట్టడమే అవమానమన్నారు. 1970లలో అది వెస్ట్‌విల్ కొండ మీదికి మారి డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయం అయింది. అక్కడ భారతీయ భాషల శాఖలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూ, సంస్కృతాలతో పాటు తెలుగుకూ చోటు దొరికింది. డిగ్రీ దాకా, ఆపైన పరిశోధన దాకా తెలుగు. నాలుగు తరాల కింద వేలిముద్ర వేసి ఓడెక్కిన మనిషి వంశంలో పుట్టిన ఆడపిల్ల అదే గడ్డ మీద తెలుగులో పరీక్ష రాయగల రోజు వచ్చింది. ఆ రోజును తెచ్చిపెట్టిన చెయ్యి మాత్రం పాపిష్ఠి చెయ్యి.

ఆ శాఖలో పనిచేసిన వారిజాక్షి ప్రభాకరన్ గారు దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళ మీద, ఆమె మాటల్లో ప్రవాసాంధ్రుల మీద, పరిశోధన చేశారు. వాళ్ళ పెళ్ళిళ్ళు, భజనలు, పేర్లు, భాష ఎక్కడ తెగిందో, ఎక్కడ అతుక్కుని ఉందో నమోదు చేశారు. ఆ పని జరగకపోయి ఉంటే ఇవాళ మనం చెప్పుకోవడానికి ఇంతమాత్రం కూడా మిగిలేది కాదు. 1980లలో అక్కడి భారతీయుల బళ్ళల్లో కూడా తెలుగు పాఠ్యాంశం అయింది. బడిలో పాఠం, విశ్వవిద్యాలయంలో శాఖ, ఊళ్ళో మహాసభ. మూడూ ఒకేసారి ఉన్నది ఆ పదీ పదిహేనేళ్ళే.

1990లో మండేలా విడుదలయ్యారు. 1993లో మన దేశం దౌత్య సంబంధాలు తిరిగి కలుపుకుంది. 1994 ఏప్రిల్‌లో అందరూ ఓటేశారు. 1996 రాజ్యాంగం 11 అధికార భాషలను చెప్పి, ఆరో సెక్షనులోనే, దేశంలోని సమాజాలు వాడుకునే మరికొన్ని భాషలను కూడా పెంపొందించాలి, గౌరవించాలి అని పేర్లతో సహా రాసింది. ఆ పేర్లలో తెలుగు ఉంది. భారతదేశం వెలుపల ఒక దేశపు రాజ్యాంగంలో మన భాష పేరు! మనం ఎన్ని సభల్లో ఎన్ని దండలు వేసుకున్నా ఇంత గౌరవం ఇంకెక్కడా దొరకలేదు.

ఆ కాగితం మీద సిరా ఆరకముందే శాఖ కూలడం మొదలైంది. పాత ప్రభుత్వం జాతుల వారీగా పంచిన నిధులు కొత్త దేశంలో అలాగే కొనసాగవు, కొనసాగకూడదు కూడా. కొత్త పాలకులకు మురికివాడల బళ్ళున్నాయి, నీళ్ళు లేని ఊళ్ళున్నాయి. విశ్వవిద్యాలయంలో సమ్మెలు, అప్పులు. పిల్లలేమో ఉద్యోగం వచ్చే చదువు వైపు మళ్ళారు. తరగతిలో తల లెక్కపెట్టి, తక్కువున్న చోట తాళం వెయ్యడం మొదలుపెట్టారు. 1990ల చివరికి భారతీయ భాషల బోధన ముగిసిపోయింది. తెలుగు దాంతోనే పోయింది. 2004 జనవరి 1న డర్బన్-వెస్ట్‌విల్, నాటాల్ విశ్వవిద్యాలయంతో కలిసి క్వాజూలూ-నాటాల్ విశ్వవిద్యాలయం అయింది. పాత పేరు కూడా పోయింది.

అన్యాయం బతికున్నన్నాళ్ళు శాఖ బతికింది. న్యాయం వచ్చాక అయిదారేళ్ళలో కన్నుమూసింది. దీనికి ఎవరిని నిందించను? మండేలా ప్రభుత్వాన్ని నిందించడానికి నాకు నోరు రాదు. ఆకలిగా ఉన్న ఇంట్లో ముందు అన్నం వండుతారు. ఆ విద్యార్థులనూ నిందించను, వాళ్ళ ముత్తాత ఓడెక్కింది కూడా కూటి కోసమే.

నా అభియోగం మన మీద. 1994 నుంచి ఆ శాఖ మూతపడే దాకా కొన్నేళ్ళున్నాయి. దారి తెరుచుకుంది, పాస్‌పోర్టు చెల్లుతోంది, అక్కడ శాఖ ఇంకా ప్రాణంతో ఉంది. దాన్ని నిలబెట్టేంత సాయం ఇక్కడి నుంచి అందలేదు. అందిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద విచారణ అక్కరలేదు, శాఖ లేదు కాబట్టి అందలేదు. అక్కడి ప్రభుత్వం జీతమివ్వలేనప్పుడు ఒక ఆచార్యుడి జీతం మనం భరించలేమా? ఏటా నలుగురు పిల్లలను ఇక్కడికి రప్పించి ఏడాది తెలుగు చెప్పించలేమా? నలభై ఏడేళ్ళు ధర్మం కోసం తలుపు మూసిన దేశం, తలుపు తెరిచాక ఇంట్లోకి వెళ్ళి యోగక్షేమం అడగాలి కదా.

కాదు, అది సాధ్యమయ్యే పని కాదు అనేవాళ్ళు మారిషస్ చూడాలి. అదీ ఆఫ్రికా దేశమే, అక్కడికి వెళ్ళినవాళ్ళలోనూ తెలుగు తీరపు కూలీలున్నారు. 1970లో భారత్, మారిషస్ కలిసి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు శంకుస్థాపన చేశాయి. మారిషస్ విశ్వవిద్యాలయంతో కలిసి అది ఈనాటికీ తెలుగులో డిగ్రీ చెబుతోంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. డర్బన్ కంటే చిన్న సమాజం, చిన్న దేశం. తేడా ఒక్కటే. అక్కడ రెండు ప్రభుత్వాలు కలిసి ఒక సంస్థను కట్టి, దాన్ని విడవకుండా పట్టుకున్నాయి.

పోయినదాంట్లో ఏముందో కూడా చెప్పాలి. ఓడల పట్టీలను తెలుగు తెలిసినవాళ్ళు కూర్చుని చదివితే, ఇంగ్లీషు గుమస్తా రాసిన వంకర పేర్ల వెనక మన ఊళ్ళు ఏవో తేలుతాయి. ఈ మండలంలో ఎవరింటి మనిషి ఏ ఓడలో పోయాడో తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ మాట్లాడిన తెలుగు అక్కడ ముసలివాళ్ళ నోట మిగిలింది, వాళ్ళు వెళ్ళిపోతున్న కొద్దీ అదీ పోతోంది. ఒక సమాజం నాలుగు తరాల్లో భాషను ఎలా పోగొట్టుకుంటుందో అడుగడుగునా లెక్కలతో చూపించగల చోటు అది. ఇవాళ నెల్లూరు, గుంటూరు పట్టణాల్లో అమ్మానాన్నలతో ఇంగ్లీషులో మాట్లాడుతున్న పిల్లలను చూసేవాళ్ళకు ఆ లెక్కలు అవసరం.

అంతా పోయిందని చెప్పి ముగించడం నాకిష్టం లేదు, ఎందుకంటే అది నిజం కాదు. 2014లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం తెలుగుతో సహా అయిదు భారతీయ భాషలను బడుల్లో ఇష్టమైనవాళ్ళు తీసుకునే పాఠ్యాంశాలుగా మళ్ళీ అనుమతించింది. 1931 నాటి ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది. వెస్ట్‌విల్ ఆవరణలో గాంధీ-లూథులీ పేరిట భారతీయ సమాజ చరిత్ర పత్రాల కేంద్రం ఉంది. చదవడానికి కాగితాలున్నాయి, చదువుకుంటామనే పిల్లలకు బడిలో అనుమతి ఉంది. పంతుళ్ళను తయారుచేసే చోటు మాత్రం లేదు. విశ్వవిద్యాలయంలో శాఖ లేకపోతే బడికి ఉపాధ్యాయుడు ఎక్కడి నుంచి వస్తాడు?

ఆ చోటు నెల్లూరు జిల్లా ఇవ్వగలదు. 2008లో పుట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మనకు కాకుటూరులో ఉంది. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు నుంచి వచ్చి మన వెంకటాచలంలోనే ఉంది. రెండూ ఒకే మండలంలో. ఈ రెండు సంస్థలూ కలిసి క్వాజూలూ-నాటాల్ విశ్వవిద్యాలయంతో ఒక ఒప్పందం చేసుకోవాలి. అక్కడికి ఒక తెలుగు ఆచార్యుణ్ణి పంపాలి, అక్కడి బడిపంతుళ్ళను ఇక్కడికి పిలిపించి శిక్షణ ఇవ్వాలి, పట్టీల్లోని నెల్లూరు జిల్లా పేర్లను తెలుగులో రాయించి ఊరూరా గ్రంథాలయాల్లో పెట్టాలి. దీనికయ్యే ఖర్చు మన జిల్లాలో ఒక మోస్తరు రొయ్యల రైతు ఒక పంటలో పోగొట్టుకుని మళ్ళీ నిలబడగలిగేంతే.

ఇది చదివిన ఇందుకూరుపేట మండలం వాళ్ళను, మైపాడు, గంగపట్నం, పల్లిపాడు వాళ్ళను ఒకటే కోరుతున్నాను. మీ గ్రామసభలో ఈ ఒప్పందం కోసం తీర్మానం పెట్టండి, కాపీ ఒకటి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉపకులపతికి, ఒకటి మీ శాసనసభ్యులకు పంపండి. 10,000 రూపాయలు 1921లో తీసుకున్నాం. ఇంతవరకూ తిరిగి ఏమీ ఇవ్వలేదు.